పద్నాలుగో నంబరు కుర్చీ, దాన్ని చేసిన వలస వడ్రంగి

ఇరానీ హోటల్లో ఒక్క చాయ్‌తో గంటలు గడిపిన తరానికి ఆ కుర్చీని వర్ణించి చెప్పనక్కర్లేదు. పాలరాయి పలక వేసిన బల్ల, చుట్టూ ముదురురంగు చెక్క కుర్చీలు. వీపు ఆనే చోట ఒకదాని లోపల ఒకటిగా రెండు వంపులు, గుండ్రటి సీటు, సీటు కింద నాలుగు కాళ్ళనీ కలిపి పట్టుకున్న చెక్క వలయం. మాటల మధ్యలో ఒంటిచేత్తో ఎత్తి పక్క బల్లకి జరుపుకునేంత తేలిక. ముంబై ఇరానీ కేఫుల్లో కొన్నిచోట్ల ఇంకా అవే ఉన్నాయి. మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ప్లాస్టిక్కూ స్టీలూ వచ్చి వాటిని చాలావరకు సాగనంపేశాయి.

ఆ వంపు కుర్చీలన్నిటికీ మూలపురుషుడు మిఖాయెల్ టోనెట్. 1796లో ఇప్పటి జర్మనీలో, రైన్ నది ఒడ్డున బొప్పార్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి తోళ్ళు ఊనేవాడు. టోనెట్ 1819లో సొంతంగా వడ్రంగి దుకాణం పెట్టుకున్నాడు, మరుసటేడు పెళ్ళి చేసుకున్నాడు. పేరు మాత్రం పుట్టిన ఊళ్ళో రాలేదు, వియన్నాలో వచ్చింది. కుటుంబంతో అక్కడ స్థిరపడేనాటికి ఆయన వయసు 46. వెనక అప్పులు, వెంట ఐదుగురు కొడుకులు: ఫ్రాంజ్, మిఖాయెల్, ఆగస్ట్, యోజెఫ్, యాకోబ్. పెద్దవాడికి ఇరవై దాటాయి, చిన్నవాడు ఏడాది పసివాడు.

ఆ కుర్చీ అందాన్ని పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెక్కపని తెలిసినవాళ్ళు దాన్ని విప్పి చూస్తే కనబడేది అందం కన్నా అవసరం. ప్రతి వంపు వెనకా, ప్రతి మర (స్క్రూ) వెనకా ఆ సంసారం పడ్డ ఏదో ఒక ఇబ్బంది ఉంది: అప్పు, తేమ, పనివాళ్ళ కొరత, ఓడ కిరాయి.

మొదట వంపు సంగతి. వంకర కాలు కావాలంటే అప్పటి వడ్రంగులు వెడల్పాటి పలక తీసుకుని రంపంతో వంపు కోసేవాళ్ళు. ఇప్పటికీ మన దుకాణాల్లో జరిగేది అదే. బోలెడు కలప రద్దులోకి పోతుంది, అది ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పలకలో నార నిటారుగా ఉంటుంది, కోత వంకరగా పోతుంది. వంపు బాగా తిరిగిన చోట నార అడ్డంగా తెగి పొట్టిపొట్టి ముక్కలుగా మిగులుతుంది. కుర్చీ కాలు సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఆ భయంతో కాలు లావుగా పెడతారు, కుర్చీ బరువెక్కుతుంది, ధరా పెరుగుతుంది. నార కూడా వంపుతో పాటే తిరిగితే బొటనవేలంత కర్ర చాలు, మనిషిని మోస్తుంది.

1830లలో టోనెట్ పట్టుకున్న దారి పొరల దారి. చెక్కని సన్నటి పట్టీలుగా కోసి, కట్టగా కట్టి, బంకలో ఉడికించి, మెత్తబడిన కట్టని చెక్క అచ్చులో పెట్టి బిగించేవాడు. ఆరాక అచ్చు విప్పితే వంపు నిలిచేది. ఇందులో లెక్క తేలిక: పట్టీ మందం సగానికి తగ్గితే దాన్ని వంచడానికి కావాల్సిన బలం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే లావుపాటి కర్ర ఒప్పుకోని వంపుకి అదే మందంలో ఉన్న పొరల కట్ట ఒప్పుకుంటుంది. 1836 నాటికి ఈ పద్ధతిలో కుర్చీలు వచ్చాయి. బంక పీపాలకొద్దీ కావాలి గనక మరుసటేడు ఊరి దగ్గర బంక తయారుచేసే మిల్లునే కొన్నాడు. అప్పట్లో బంక అంటే తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసేదే. తోళ్ళు ఊనే ఇంట్లో పుట్టినవాడికి అదేం కొత్త కాదు.

అక్కడితో ఆగి ఉంటే ఊళ్ళో మంచి వడ్రంగిగా బతికేసేవాడు. కానీ పద్ధతిని ఎవరూ ఎత్తుకుపోకుండా పేటెంట్ హక్కులు కావాలనుకున్నాడు. బొప్పార్డ్ అప్పుడున్న ప్రష్యా రాజ్యంలో రాలేదు. మిగతా దేశాల్లో చేసిన ప్రయత్నాలకి డబ్బు పోయింది, అప్పు మిగిలింది. 1841లో కోబ్లెంజ్‌లో జరిగిన ప్రదర్శనలో ఆయన కుర్చీలు ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ కంట పడ్డాయి. మెటర్నిక్ పుట్టింది కోబ్లెంజ్‌లోనే, ఆ ప్రాంతం మనిషి. బొప్పార్డ్‌లో ఉన్నన్నాళ్ళూ నువ్వు పేదవాడివే, వియన్నా రమ్మన్నాడని చెబుతారు. 1842 వసంతంలో టోనెట్ ముందు ఒక్కడే వెళ్ళాడు. జులై 16న ఆస్ట్రియా ప్రభుత్వం నుంచి హక్కుపత్రం వచ్చింది: ఎంత పెళుసు చెక్కనైనా కావాల్సిన ఆకారంలోకి వంచే పద్ధతి మీద. ఈలోగా బొప్పార్డ్‌లో అప్పులవాళ్ళు ఆస్తి జప్తు చేయించారు. ఆ శరదృతువులో భార్యాపిల్లలు కట్టుబట్టలతో అన్నట్టే వియన్నా చేరారు.

చేతిలో హక్కుపత్రం ఉన్నా దుకాణం పెట్టే పెట్టుబడి లేదు. ఏడేళ్ళపాటు ఇతరుల దగ్గరే పని. అందులో పెద్దది లైస్ట్లర్ అనే పేరున్న కాంట్రాక్టరు కింద లీక్టెన్‌స్టైన్ ప్రభువుల భవనానికి చేసిన పని. తండ్రీ కొడుకులూ కలిసి చెక్క ముక్కలు పేర్చి నేల పరిచారు, తేలికపాటి కుర్చీలు చేశారు. ఆ నేల వంపు వంపుల అల్లిక చూస్తే మామూలు చెక్కనేల అనిపించదు. వలసవచ్చిన వడ్రంగికి ఇలాంటి పని ఒకందుకు మంచిదే. కూలీ డబ్బులతో పాటు, సొంతంగా కొనలేని కలప మీద చేయి తిరుగుతుంది, పెద్దింటి వాళ్ళ కళ్ళలో పడతారు. ఆ భవనం పని చూస్తున్న ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ డెవిన్యే తరవాత వీళ్ళకి అండగా నిలిచాడు.

1848లో విప్లవం వచ్చి మెటర్నిక్ వియన్నా వదిలి పారిపోయాడు. పిలిచి తెచ్చిన పెద్దమనిషే లేకుండా పోయాక, మరుసటేడు టోనెట్ గుంపెన్‌డోర్ఫ్ పేటలో సొంత దుకాణం తెరిచాడు. కాస్త తర్కానికి అందని ధైర్యమే. మొదటి పెద్ద గిరాకీ రాజభవనం నుంచి రాలేదు, కాఫీ హోటల్ నుంచి వచ్చింది: వియన్నా నడిబొడ్డున ఉన్న డౌమ్ కేఫ్. హోటల్ కుర్చీ సంగతి హోటల్ నడిపేవాళ్ళకి తెలుసు. రోజంతా లాగుతారు, వెనక్కి వాలి రెండు కాళ్ళ మీద ఊగుతారు, రాత్రి బల్లల మీదకి బోర్లా ఎత్తి నేల కడుగుతారు. ఇంట్లో ఏళ్ళ తరబడి నిలిచే కుర్చీ అక్కడ కొద్దికాలంలోనే కీళ్ళు వదిలేస్తుంది. ఆ పరీక్షలో టోనెట్ కుర్చీలు నెగ్గాయి.

1851లో లండన్ మహాప్రదర్శనలో కంచు పతకం. 1852లో తీసుకున్న కొత్త హక్కుపత్రం ఐదుగురు కొడుకుల పేరు మీద. 1853లో మొత్తం వ్యాపారమే వాళ్ళ పేరు మీదకి మార్చేశాడు: గెబ్రూడర్ టోనెట్, అంటే టోనెట్ సోదరులు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు, చేవ తగ్గలేదు, పగ్గాలూ వదల్లేదు. పేరు మాత్రం పిల్లలది. జప్తు చూసిన తండ్రి ఆస్తిని తన ఒక్కడి పేరు మీద ఉంచుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక అసలు దెబ్బ బంక నుంచి తగిలింది. దూరదేశాల ఆర్డర్లు వస్తున్నాయి. ఓడ అడుగున వారాల తరబడి ఉన్న తేమకీ, ఉష్ణదేశాల ఉక్కకీ తోలుబంక మెత్తబడి పొరలు విడిపోయేవి. వానాకాలంలో పాత చెక్కపెట్టె అతుకులు వదిలేయడం చూసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. బంక ఉన్నంతకాలం సముద్రం దాటలేమని తేలింది. కాబట్టి పొరలు లేకుండా ఒంటికర్రనే వంచాలి.

ఒంటికర్ర వంపులో చిక్కు ఏమిటంటే, కర్రని వంచినప్పుడు బయటి వైపు సాగాలి, లోపలి వైపు కుంచించుకోవాలి. ఆవిరి పట్టిన చెక్క కుంచించుకోమంటే మంచి జాతి కలపలో పాతిక శాతం దాకా కుంచించుకుంటుంది. సాగమంటే ఒకటి రెండు శాతం దాటదు, పుటుక్కున చీలుతుంది. టోనెట్ చేసిన పని ఒక ఇనుప రేకు పట్టీ. వంపుకి బయటి వైపున కర్ర పొడవునా రేకు పరిచి, రెండు కొసలా బిళ్ళలతో బిగించేస్తారు. రేకు సాగదు గనక బయటి నారనీ సాగనివ్వదు. ఇక వంపు మొత్తం లోపలి వైపు కుంచించుకోవడంలోనే తీరిపోవాలి, అది చెక్కకి చేతనైన పని. ఇంత చిన్న ఉపాయం. వంపు చెక్క పరిశ్రమంతా దాని మీదే నిలబడింది. 1856 జులైలో 13 ఏళ్ళకి హక్కుపత్రం వచ్చింది.

పని జరిగే తీరు ఇదీ. ముడుల్లేని, నార నిటారుగా ఉన్న బీచ్ అనే ఐరోపా చెట్టు చెక్కని పొడవాటి చదరపు కర్రలుగా కోసి, లేత్ మీద గుండ్రంగా తీస్తారు. కొసలు సన్నగా, మధ్యలో లావుగా. కొట్టంలో పూర్తిగా ఎండబెట్టిన చెక్క ఈ పనికి రాదు. కాస్త పచ్చి ఉండాలి, నూటికి పాతిక పాళ్ళ దగ్గర తేమ ఉంటే మంచిది. ఆవిరి పెట్టెలో అంగుళం మందానికి గంట చొప్పున ఉంచుతారు. తీశాక సమయం చాలా తక్కువ, రెండు మూడు నిమిషాల్లో వంపు పూర్తి కావాలి. అందుకే ఇద్దరు మనుషులు, చెరో కొస. మధ్యని పోత ఇనుప అచ్చుకి ముందు బిగించి, ఇద్దరూ ఒకే వేగంతో చుట్టూ తిప్పి దించుతారు. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే వంపు పక్కకి పోతుంది. అచ్చుతో సహా తీసుకెళ్ళి వేడి గదిలో రోజుల తరబడి ఆరబెడతారు. తొందరపడి విప్పితే కర్ర కొంత వెనక్కి తెరుచుకుంటుంది.

పాడయ్యే తీరులూ ఉన్నాయి. రేకు వదులైతే బయటి వైపు చీలిక లేస్తుంది. రేకు మరీ బిగువైనా, కర్రలో నీరు ఎక్కువైనా లోపలి వైపు ముడతలు పడతాయి. నార ఏటవాలుగా కొస దాటిపోయిన కర్ర ఎంత జాగ్రత్త పడ్డా చీలుతుంది. కర్ర ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుందన్నమాట. అన్ని చెక్కలూ ఇలా లొంగవు. మన టేకు ఈ విషయంలో మధ్యరకం. హాకీ కర్రలు వంచడానికి మల్బరీ చెక్క వాడటం ఊరికే కాదు.

బీచ్ అడవులు మొరావియాలో దండిగా ఉన్నాయి, ఇప్పటి చెక్ దేశంలో. అందుకే కుటుంబం ఫ్యాక్టరీని వియన్నాలో పెట్టకుండా 1850ల చివర్లో అడవి పక్కన కోరిచాన్‌లో పెట్టింది. తరవాత 1860ల మొదట్లో బిస్ట్రిట్జ్‌లో ఇంకొకటి, ఆపైన మరికొన్ని. కలపని బండ్ల మీద నగరానికి మోసే ఖర్చు లేదు. ఇంకో లాభం కూడా చూసుకున్నారు. అక్కడ వడ్రంగులు లేరు, పొలం పని చేసేవాళ్ళే ఉన్నారు. దాంతో పనిని ముక్కలు చేశారు: ఒకరు కోయడం, ఒకరు లేత్, ఇద్దరు వంచడం, ఆడవాళ్ళు గరుకు కాగితం పట్టడం, రంగు వేయడం, పాలిష్, పేము అల్లడం. ఒక్కో పని కొద్దిరోజుల్లో నేర్చుకోవచ్చు. యంత్రాలు ఎక్కువభాగం ఇంటివాళ్ళు సొంతంగా రూపొందించుకున్నవే. కొడుకులు తలో బాధ్యత పంచుకున్నారు. బయటినుంచి తెచ్చిన మేనేజరు కన్నా తమ్ముడు నయమనేది మన వ్యాపార కుటుంబాలకీ తెలిసిన లెక్కే.

1859లో కేటలాగులోకి వచ్చింది పద్నాలుగో నంబరు. కుర్చీలకి పేర్లు పెట్టలేదు, నంబర్లే. ఏ భాషవాడైనా నంబరు రాసి ఆర్డరు పంపొచ్చు. ధర 3 ఫ్లోరిన్లు (అప్పటి ఆస్ట్రియా డబ్బు), కేటలాగులో చవకైన వాటిలో ఒకటి. కుదురుకున్న రూపంలో దాని చెక్క భాగాలు ఆరే. వీపూ వెనక కాళ్ళూ కలిసి ఒకటే పొడవాటి కర్ర, వంచినది. దాని లోపల ఇమిడే చిన్న వంపు. సీటు వలయం. ముందు కాళ్ళు రెండు. కాళ్ళని లోపలినుంచి పట్టే కింది వలయం. పది మరలు, రెండు నట్లు. అంతే.

వెనక కాలూ వీపూ ఒకే కర్ర కావడంలో ఎంత తెలివి ఉందో కుర్చీలు బాగుచేసేవాళ్ళని అడగాలి. మామూలు కుర్చీలో మనిషి వెనక్కి వాలినప్పుడు భారమంతా వీపు, సీటు, కాలు కలిసే కీలు మీద పడుతుంది, అక్కడే ఊడుతుంది. ఇక్కడ పైనుంచి నేల దాకా ఒకటే కర్ర, ఊడటానికి కీలు లేదు. సీటు దగ్గర మర మాత్రం ఉంది, వదులైతే మళ్ళీ తిప్పుకోవచ్చు. బంక అతుకు ఊడితే వడ్రంగి కావాలి, మర వదులైతే స్క్రూడ్రైవర్ చాలు. బంక చేసిన మోసం తరవాత ఆ ఇంట్లోవాళ్ళు మరని నమ్ముకున్నారు.

మరలు విప్పితే ఇంకో సౌకర్యం. ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. బిగించిన కుర్చీ ఓడలో మోసేది ఎక్కువగా గాలినే, కిరాయి మాత్రం ఆ గాలికీ కట్టాలి. విడి భాగాలుగా వెళ్ళి, చేరిన ఊళ్ళో బిగించేవాళ్ళు. ఇప్పుడు ఆన్‌లైన్లో కొన్న కుర్చీ అట్టపెట్టెలో వచ్చి, ఎల్ ఆకారపు చిన్న పానాతో మనల్నే బిగించుకోమంటుంది కదా, దానికి తాత ఈ పెట్టె.

సీటు పేము అల్లికే. కాఫీ ఒలికినా కారిపోతుంది, గాలి ఆడుతుంది, బరువుండదు. సీటు వలయం చుట్టూ బెజ్జాలు పెట్టి ఏడు దఫాలుగా అల్లుతారు: ముందునుంచి వెనక్కి ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్ళీ ముందునుంచి వెనక్కి, నాలుగోసారి అడ్డంగా వెళ్తూ పోగుల్ని కిందా మీదా చేస్తూ నేత, ఆ తరవాత రెండు ఏటవాలు వరసలు ఎదురెదురుగా, చివర బెజ్జాల మీద అంచు పట్టీ. పేముని గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి, నిగనిగలాడే వైపు పైకి ఉండేలా అల్లాలి. తడిగా ఉన్నప్పుడు మరీ బిగించి లాగకూడదు. ఆరాక పేము ఇంకా బిగుస్తుంది, అంచు బెజ్జాల దగ్గర తెగుతుంది. అల్లిక చెడేది కూర్చోవడం వల్ల కాదు, దాని మీద నిలబడి బల్బు మార్చడం వల్ల. హోటళ్ళవాళ్ళు తరవాత ప్లైవుడ్ సీట్లకి మారిపోవడానికి ఇది ఒక కారణం. ప్లైవుడ్ సీటు వేసినప్పటినుంచీ ఆ కుర్చీ సగం పోయినట్టే.

1867లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. 1869లో హక్కుపత్రం గడువు తీరింది. తీరడమే ఆలస్యం, ఇతరులు దిగారు. అందులో గట్టివాళ్ళు వియన్నాకే చెందిన యాకోబ్, యోజెఫ్ కోన్ కంపెనీ. హక్కుతో అడ్డుకోలేకపోయినా కొడుకులు చవకతో నిలబడ్డారు, అప్పటికే ఫ్యాక్టరీలూ అడవి గుత్తలూ చేతిలో ఉన్నాయి గనక. టోనెట్ 1871 మార్చి 3న వియన్నాలో కన్నుమూశాడు. పద్నాలుగో నంబరు 1930 నాటికి 5 కోట్ల దాకా అమ్ముడయిందని లెక్క, అది ఒక్క టోనెట్ వాళ్ళదే. పోటీవాళ్ళ నకళ్ళు దీనికి అదనం. మన ఇరానీ హోటళ్ళలో కనబడిన ప్రతి వంపు కుర్చీనీ టోనెట్ అనేయడానికి అందుకే వీల్లేదు.

పాతసామాన్ల దుకాణంలో అలాంటి కుర్చీ దొరికితే బోర్లా తిప్పి సీటు వలయం లోపలి అంచు చూడాలి. కంపెనీ ముద్రో కాగితం లేబులో ఉంటే అక్కడే ఉంటుంది. రంగు మీద రంగు వేసి ఉంటే కనబడదు, గీకితే లేబులు పోతుంది, కాబట్టి తొందరపడొద్దు. తరవాత కాళ్ళ అడుగులు చూడాలి. బీచ్ చెక్క నీటికీ పుప్పికీ తట్టుకోదు. రోజూ బకెట్లతో నేల కడిగే చోట ఉన్న కుర్చీలకి ముందు పోయేది కింది అంగుళమే. గుండుసూది తలంత బెజ్జాలుండి, తట్టితే సన్నటి పొడి రాలితే పురుగు ఇంకా లోపలే ఉందని అర్థం. దాన్ని ఇంట్లో మిగతా చెక్కసామాను పక్కన పెట్టకూడదు.

కుర్చీ కదులుతుంటే మేకు కొట్టకండి. ఎండిన బీచ్ కర్ర నిలువునా చీలుతుంది, వంచిన కర్ర చీలితే అతకదు. మర బెజ్జం అరిగిపోయి ఉంటే సన్నటి చెక్కపుల్లకి ఫెవికాల్ పూసి బెజ్జంలో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ మర తిప్పాలి. పేము వేలాడుతూ ఉండి తెగకపోతే కొత్త అల్లిక అక్కర్లేదు. వేడినీళ్ళలో పిండిన తువ్వాలుని సీటు అడుగు వైపు అరగంట అద్ది ఉంచి, రాత్రంతా నీడలో ఆరబెడితే బిగుస్తుంది. పై వైపు తడపడం దండగ, ఆ నిగనిగలాడే పొర నీళ్ళు పీల్చదు.